సాక్ష్యం గుడ్డ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒకటి ఉన్నదని ఎవరైనా అంటే, అందుకు ఆధారం చూపమని అడిగేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయస్సు, కళాశాల వాద పోటీలలో గెలుచుకున్న రెండు ఇత్తడి కప్పులు, ఆ కప్పులలో పట్టనంత అహంకారం: కృష్ణా తీరం నుంచి వచ్చి ఆదోని స్టేషనులో దిగిన నాటికి నా ఆస్తి ఇంతే. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడిన తొలినాళ్లవి. మన రాష్ట్రం ఒక్కటే, మన భాష ఒక్కటే అని సభలలో ఎన్నిసార్లు గంభీరంగా ఉపన్యసించానో చెప్పలేను గానీ, ఆదోనిలో ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన మొదటి వారంలోనే నేను పరదేశంలో పడ్డానని తీర్మానించుకున్నాను. వరి అన్నం ఆశిస్తే కొర్రన్నం వచ్చేది. కొర్రన్నానికి అలవాటు పడేలోగా జొన్నరొట్టె వచ్చేది. వీధిలో ఎవరైనా "యాడికి పోతాండావప్పా?" అని ఆప్యాయంగా పలకరిస్తే, పరిచయం లేని మనిషికి నా గమ్యంతో ఏమి పని అని ఆలోచించేవాణ్ణి. (ఆలోచించి ఊరుకుంటే బాగుండేది, ఒకరిద్దరిని అడిగాను కూడా.) ఉపాధ్యాయుల సమావేశాలలో పది నిమిషాలకొకసారి లేచి "నాదొక పాయింటు" అనే అలవాటు వల్ల మూడో నెల ముగిసేసరికి నాకు "పాయింటు సారు" అనే పేరు స్థిరపడింది.

ఎండలు ముదిరేసరికి బదిలీ కోరుతూ ఒక అర్జీ రాసుకున్నాను. అందులో కారణాలు మూడు. మొదటిది ఎండ, రెండోది ఆహారం. మూడోది నేను రెండు రాత్రులు కూర్చుని చెక్కిన వాక్యం: "ఈ ప్రాంతమున హేతుబద్ధమైన వాదమునకు తగిన మనుషులు లభింపకుండుటచే నా బుద్ధి మొద్దుబారుచున్నది." ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, సోమవారం తపాలాలో వేయవలసిన అర్జీని శుక్రవారమే చొక్కా జేబులో పెట్టుకుని తిరగసాగాను. ఆ శుక్రవారమే మా డ్రిల్లు మేష్టరు నన్ను వరండాలో పట్టుకున్నాడు. ఆయనది ఎమ్మిగనూరు, మగ్గాల వీధిలో పుట్టి పెరిగినవాడు, వారమంతా ఆదోనిలో ఉండి శనివారం ఊరికి పోయేవాడు.

"రేపు మా ఊర్లో ఫుట్‌బాలు మ్యాచి ఉండాదప్పా. ఆదోని జిన్నింగు మిల్లోళ్లకు, మా మగ్గాల వీధోళ్లకు. రెఫరీ ల్యాడు. నువ్వే రావల్ల" అన్నాడు.

"నేను జీవితంలో బంతిని కాలితో తాకి ఎరగను."

"ఆట మాకు తెల్సులే. నీకు న్యాయం తెల్సు గదా, అది సాలు. సాయంత్రం మ్యాచి. పొద్దు మునిగినాంక సర్కారు బండోళ్లు బయల్లో బొమ్మ ఏస్తారు. తెల్లారితే వానల భజన. మూడూ సూసుకోని ఆదివారం బస్సుకు తిరిగి పోదువు."

న్యాయం అనే మాట వింటే నేను కాదనలేను. ఎవరి వద్దనో ఆట నియమాల చిన్న పుస్తకం సంపాదించి శుక్రవారం రాత్రంతా కంఠస్థం చేశాను. శనివారం మధ్యాహ్నం జిన్నింగు మిల్లు జట్టుతో పాటే బస్సెక్కాను. నా పక్కన కూర్చున్నది వాళ్ల గోల్‌కీపరు. భుజాలు రెండూ బస్సు సీటుకు చాలని ఆ మనిషిని అందరూ "గోడ" అనే పిలిచేవారు. నా చేతిలోని పుస్తకం చూసి, "పరీక్షనా సాబ్?" అని సానుభూతిగా అడిగాడు. దారి పొడుగునా నేను ఆయనకు నియమాలు వివరించాను. ఆయన ఎమ్మిగనూరు వచ్చేదాకా నిద్రపోయాడు.

మైదానమంటే ఊరి వెలుపల నల్లరేగడి బయలు. దుమ్ము లేవకుండా పీపాల బండి తెప్పించి నీళ్లు చల్లించారు. రెండు వైపులా రెండేసి వెదుళ్లు, వాటి మీద అడ్డంగా కట్టిన తాడు: అవే గోల్‌పోస్టులు. వలలు లేవు. ఇరవై ఇద్దరు ఆటగాళ్లకు బూట్లు లేవు. మైదానం మొత్తం మీద బూట్లున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నేనొక్కణ్ణే రెండుసార్లు జారి పడ్డాను. ఆట మొదలైన పావుగంటకు మగ్గాల వీధి కుర్రవాడొకడు బంతిని ఈడ్చి కొట్టాడు. అది వెదురు పక్కగా దూసుకుపోయింది. లోపలి నుంచా, వెలుపలి నుంచా? ఊరంతా "గోల్!" అని లేచింది. గోడ మాత్రం రెండు చేతులూ ఊపుతూ, "బాహర్ సాబ్! వెదురుకు అవతలే పోయింది!" అన్నాడు. నేను ఈల ఊది ఆట ఆపాను. ఒక్కొక్క పక్షం నుంచి నలుగురు సాక్షులను పిలిచి, ఒకరి మాట మరొకరికి వినబడనంత దూరంలో నిలబెట్టి, విడివిడిగా విచారించాను. నలుగురు లోపల అన్నారు, నలుగురు వెలుపల అన్నారు. విచారణ ఇరవై నిమిషాలు సాగింది. గుంపులోంచి ఒక గొంతు, "ఏమప్పా, ఇది ఆటనా, కోర్టునా?" అని అడిగింది. ఇంకొక గొంతు, "వాయిదా ఏస్తే సెప్పండి, ఇంటికి పోయి సంగటి తినొస్తాం" అంది. నేను చలించలేదు. సాక్ష్యం చాలనందున గోలు చెల్లదని ప్రకటించాను. నిశ్శబ్దం అలుముకుంది. అది గౌరవం వల్ల కలిగిన నిశ్శబ్దమని ఆనాడు నిజంగా నమ్మాను.

విరామంలో డ్రిల్లు మేష్టరు నా దగ్గరకు వచ్చాడు. "సాక్ష్యం సాక్ష్యం అంటివి గదా. అబద్ధం సెప్పలేని సాక్షిని తెస్తా ఉండు" అని ఇంటి వైపు పరుగెత్తి, కాసేపటికి పెద్ద తెల్లని గుడ్డ మూటతో తిరిగి వచ్చాడు. నాలుగు పన్నాలు పక్కపక్కన కుట్టిన కొత్త నేత గుడ్డ. గోడ కాయబోయే గోల్ వెనుక రెండు గడలు పాతి దాన్ని తెరలాగా కట్టించాడు. బంతి లోపలికి పోతే గుడ్డకు తగులుతుంది. వెలుపలికి పోతే తగలదు. ఈ ప్రాంతంలో నాకు కనిపించిన మొదటి హేతుబద్ధమైన ఆలోచన అది. మనసులో అభినందించి, వెంటనే ఒక పాయింటు లేవదీశాను. గుడ్డ ఒక వైపే ఉంటే రెండో పక్షానికి సమన్యాయం ఎలా జరుగుతుంది? అందుకు గోడ చేతులు జోడించి, "వదిలేయండి సాబ్. మా వాళ్లు గోల్ వేస్తే కదా సాక్ష్యం కావల్సింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ గుడ్డ ఎవరిది, ఎందుకు నేసింది అన్న ప్రశ్న మాత్రం, లోకంలోని ప్రతిదాన్నీ ప్రశ్నించే నాకు, తోచలేదు.

ఆట ముగియడానికి ఇంకా అయిదు నిమిషాలు ఉన్నాయనగా బంతి మైదానం దాటి పీపాల బండి కింద బురదలో పడింది. తీసి చూస్తే బంతి కనిపించదు, రేగడి ముద్దే కనిపిస్తుంది. "కొంచెం తుడిచి ఇయ్యండి సాబ్, చేతికి ఆగదు" అని గోడ బతిమాలాడు. నేను పుస్తకం తీసి రెండు పుటలు తిరగవేశాను. బురద తుడవాలన్న విధి కనబడలేదు. "నియమావళిలో లేదు" అన్నాను. బంతిని అట్లాగే లోపలికి విసిరారు. మగ్గాల వీధి వాళ్లు దాన్ని ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ వచ్చి కొట్టారు. అది గోడ చేతుల్లోంచి చేపలాగా జారి, వెనుక ఉన్న గుడ్డను ఫట్‌మని తాకి కింద పడింది. తెల్లని గుడ్డ నట్టనడుమ నల్లని గుండ్రని మచ్చ, దోసెంత. గోడ మెల్లగా నడిచి వెళ్లి, ఆ మచ్చను వేలితో తాకి చూసి, నా వైపు తిరిగాడు. "గుడ్డ అబద్ధం చెప్పదు సాబ్. గోలే." మగ్గాల వీధి నన్ను భుజాల మీదికి ఎత్తుకుంది. నా జీవితంలో న్యాయానికి అంత ఘనమైన ఊరేగింపు అంతకు ముందు లేదు, ఆ తరువాతా లేదు.

పొద్దు మునిగింది. సర్కారు ప్రచారం బండి వచ్చింది. వాళ్లు తెర కట్టబోయేసరికి వేసవి గాలి ఒకటి లేచి దాన్ని నిలువునా చీల్చేసింది. ఊరు ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుంది; బండివాళ్లు తల పట్టుకున్నారు. అప్పుడు ఎవరో అరిచారు: "సాక్ష్యం గుడ్డ ఉండాది గదప్పా! దాని మీదనే ఏయండి!" గుడ్డ గడలకు అట్లాగే కట్టి ఉంది. జనం దానికి ఇటు సగం, అటు సగం సర్దుకున్నారు. (అటు కూర్చున్నవాళ్లకు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు తక్కువ గనుక ఫిర్యాదు రాలేదు.) మొదట బొమ్మలో ఒక పెద్దమనిషి ఉపన్యాసం. మచ్చ సరిగ్గా ఆయన నోటి మీదికి వచ్చింది. ఆయన మాట్లాడినంతసేపూ నోట్లో బంతి కుక్కుకున్నట్టే ఉన్నాడు. తరువాత దోమల నివారణ గురించి ఒక బొమ్మ. అందులో దోమ పెద్దదై పెద్దదై వచ్చి మచ్చలోకి దూరిన ప్రతిసారీ మూడు వందల గొంతులు "గోల్!" అని కేక వేసేవి. ఎడ్లకు వచ్చే జబ్బుల గురించి చూపినప్పుడు ఒక ఎద్దు మచ్చను కొమ్ములతో మోసుకుంటూ తెర దాటింది. నేను, గంభీరుణ్ణి, పాయింటు సారును, పొట్ట పట్టుకుని నవ్వాను.

నవ్వుతూ పక్కకు చూస్తే ఒక పెద్దాయన నవ్వడం లేదు. అప్పుడే బస్సు దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తుంగభద్ర ఒడ్డున మాధవరం వెళ్లి భజన గురువును వెంటబెట్టుకుని వచ్చాడని తరువాత తెలిసింది. ఆయన కళ్లు బొమ్మ మీద లేవు, గుడ్డ మీద ఉన్నాయి. "నేత బాగుండాది" అన్నాడు తనలో తనే. కాసేపటికి లేచి తెర దగ్గరికి నడిచాడు. ఆయన నీడ ఎద్దు మీద పడింది. "కూసో పెద్దాయనా, ఎద్దు కనపడ్ల్యా!" అని అరిచారు. ఆయన వినిపించుకోలేదు. గుడ్డ అంచును రెండు వేళ్ల నడుమ పట్టుకుని పై నుంచి కిందికి తడుముతూ వచ్చి ఒకచోట ఆగాడు. "ఈ ముడి నాది. ఈడ పోగు తెగితే నేనేసిన ముడి" అన్నాడు. బండివాళ్లు యంత్రం ఆపేశారు. డ్రిల్లు మేష్టరు చాప మీది నుంచి లేచాడు. "నాయనా..." అన్నాడు.

ఆ గుడ్డ కథ అప్పుడు తెలిసింది. మూడేళ్లుగా వానలు సరిగా లేక, ఆదివారం తెల్లవారి భజనకు మగ్గాల వీధి ఒక మొక్కు మొక్కుకుంది. వీధిలోని నలభై ఇళ్లూ ఇంటికొక కండె నూలు ఇచ్చాయి. ఆ నూలుతో పెద్దాయన దేవుడికి పందిరి గుడ్డ నేశాడు. దేవుడికి కట్టే గుడ్డ కోరాది కావాలి. మగ్గం దిగినది దిగినట్టు, గంజి వాసనతో, నీళ్లు తాకకుండా పోవాలి. వారమంతా ఆదోనిలో ఉన్న కొడుకుకు ఇది తెలియదు. మగ్గం పక్కన మడిచి పెట్టిన కొత్త గుడ్డను మామూలు గుడ్డే అనుకున్నాడు, మచ్చ పడితే ఉతికి పెట్టవచ్చులెమ్మనుకున్నాడు. ఉతికితే మచ్చ పోతుంది, మొక్కు కూడా పోతుంది. ఉతక్కపోతే మచ్చతో దేవుడికెట్లా కడతారు? ఇంకొకటి నేయడానికి పొద్దు లేదు.

"ఎవురు కట్టినారప్పా దీన్ని?" అని పెద్దాయన అడిగాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"నేనండీ" అన్నాను లేచి. "సాక్ష్యం కావాలని పట్టుబట్టింది నేను. అది ఒకటి. బంతి తుడవనివ్వనిది నేను. అది రెండు."

"తెచ్చింది నేను నాయనా" అన్నాడు డ్రిల్లు మేష్టరు.

గోడ కూడా వచ్చి నిలబడ్డాడు. "నేను ఆపుంటే గుడ్డ దాకా పోయేదే కాదు చాచా. నాదీ ఉంది."

పెద్దాయన మా ముగ్గురినీ చూసి, గుడ్డను విప్పి, మచ్చ లోపలికి పోయేట్టు జాగ్రత్తగా మడిచి చంకన పెట్టుకున్నాడు. "తెల్లారి సూద్దాం" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "రాండి అన్నానికి. తప్పు సేసినోళ్లకు ఆకలి కాదా ఏంది?" అన్నాడు. ఆ పూట తిన్న జొన్నరొట్టె రుచి గురించి నేను అర్జీలో రాసిన దానిని పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను.

తెల్లవారింది. వీధి వీధంతా పెద్దాయన ఇంటి ముందు చేరింది. చివరి బస్సు పోయినందున ఆగిపోయిన జిన్నింగు మిల్లు జట్టు అరుగుల మీద ఉంది. గుడ్డను రెండు మంచాల మీద పరిచారు. నల్లటి ఆ మచ్చ పగటి వెలుతురులో ఇంకా పెద్దదిగా కనిపించింది. మాధవరం గురువు, డెబ్బయి ఏళ్ల బక్కపలచని మనిషి, దాని చుట్టూ ఒకసారి తిరిగి కూర్చున్నాడు. నేను రాత్రంతా నిద్ర లేకుండా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. పవిత్రత వస్తువులో ఉన్నదా, భావనలో ఉన్నదా? ఉద్దేశం లేని చోట దోషం ఉన్నదా? పూర్వపక్షం చెప్పి ఖండించాను, ఉపమానాలు తెచ్చాను, చేయి ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తాను. కళాశాలలో అయితే మూడో కప్పు ఖాయం. ముగించి చూశాను. గురువు తల ఊపి, "మాటలు శానా బాగుండాయి నాయనా. మచ్చ అట్లే ఉండాది" అన్నాడు.

అప్పుడు గుమ్మం వైపు నుంచి రాట్నం చప్పుడుతో పాటు ఒక గొంతు వచ్చింది. డ్రిల్లు మేష్టరు అవ్వ. గడపలో కూర్చుని కండెలు చుడుతోంది. రాట్నం ఆపలేదు, తల ఎత్తలేదు.

"గురువప్పా, నాకు తెలీక అడుగుతా. కిష్టుడు మడుగులోకి యాల దూకినాడు?"

"చెండు పడిపోతే, దానికోసరం దూకినాడవ్వా."

"ఆ చెండుకు బురద అంటలేదా?"

"మడుగులో పడినాంక అంటకుండా యెట్ల ఉంటాది?"

"వాళ్లమ్మ ఆ చెండు మైల పడిందని పారేసిందా?"

గురువు నవ్వు ఆపుకోలేకపోయాడు. "పారేస్తే ఆ పిల్లోడు ఊరుకుంటాడా అవ్వా!"

"మరి చెండు మచ్చ పడిన గుడ్డని ఇప్పుడు ఆయప్ప వద్దంటాడా?" రాట్నం ఆగింది. అవ్వ మొదటిసారి తలెత్తి వీధిని చూసింది. "ఆ గుడ్డలో నా కండె ఒకటి ఉండాది. నా కండెకు అడ్డం ల్యా. మీ కండెల సంగతి మీరే సెప్పుకోండి."

తరువాత ఎదురింటి ఆడమనిషి, "మా కండెకూ అడ్డం ల్యా" అంది. దాని పక్క ఇల్లు. దాని పక్క ఇల్లు. నలభై ఇళ్లూ వరుసగా చెప్పాయి. నలభయ్యోది ముగిసేసరికి పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకుని, "గడలు తేండ్రా" అన్నాడు. నేను ఎనిమిది మంది సాక్షులను విడివిడిగా నిలబెట్టి ఇరవై నిమిషాలలో తేల్చలేకపోయిన న్యాయాన్ని, అవ్వ కండె చుడుతూ అడిగిన నాలుగు ప్రశ్నలతో తేల్చింది.

పందిరి లేచింది. మచ్చ సరిగ్గా గురువు తల మీదికి వచ్చింది. ఆయన ఒకసారి పైకి చూసి, చెండాట కథనే ఎత్తుకున్నాడు. "చెండూ!" అన్నప్పుడల్లా తాళం కర్రతో మచ్చను చూపేవాడు, పిల్లలు "గోల్!" అనేవారు, ఆయన వద్దనలేదు. మద్దెల వాయించే మనిషికి చేయి నొప్పి పుడితే గోడ అందుకున్నాడు. పీర్ల పండుగకు ఆదోని వీధులలో డప్పు కొట్టే చేతులవి. బంతి నిలవని ఆ చేతులలో తాళం ఒక్క క్షణం కూడా జారలేదు. నాకు తాళాలు ఇచ్చారు. నేను ప్రతి దెబ్బకూ ముందో వెనకో పడుతుంటే పక్కనున్న ముసలాయన నా మోచేయి పట్టుకుని, భజన అయ్యేదాకా తనే కదిపాడు. వాన మాత్రం ఆ రోజు పడలేదు. (నిజం చెప్పాలి.) పదిహేను రోజులకు పడింది. దానికీ దీనికీ సంబంధం ఉన్నదని వీధి వాదన, లేదని నాది. ఈ వివాదం నేను ఆదోనిలో పనిచేసిన పదకొండేళ్లూ, ప్రతి భజన నాడూ సాగుతూనే ఉండింది.

భజన అయ్యాక పందిరి గుడ్డను ఇంటికొక ముక్కగా చించి పంచడం అక్కడి ఆచారం. మచ్చ ఉన్న ముక్క మాకంటే మాకని ఇల్లిల్లూ పోటీ పడింది. తీర్పు చెప్పమని నన్నే అడిగారు. నేను నోరు తెరవకుండా అవ్వ వైపు చూశాను. ఆ రెండు రోజులలో నేను చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే. అవ్వ ఆ ముక్కను మడిచి నా చేతిలో పెట్టి, "సాక్ష్యం నీ కాడనే ఉండల్ల కొడుకా. ఉతికేవు, జాగ్రత్త" అంది. సాయంత్రం బస్సులో దానిని దేనిలో పెట్టుకోవాలో తెలియక జేబు తడుముకుంటే అర్జీ చేతికి తగిలింది. దాన్ని ఆ గుడ్డలోనే చుట్టి పెట్టాను. సోమవారం వచ్చింది, పోయింది.

ఆ గుడ్డ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, నీళ్లు తాకకుండా. మచ్చ వెలిసి బూడిద రంగుకు వచ్చింది. ముక్కుకు ఆనిస్తే గంజి వాసన ఉన్నట్టే ఉంటుంది, లేదేమో కూడా. ఏడాదికొకసారి విప్పి, లోపలున్న అర్జీలోని మూడో కారణం చదువుకుంటాను. వాదమునకు తగిన మనుషులు లభింపకుండుటచే! ఆ వాక్యం చెక్కిన కుర్రవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు రొట్టెలు పెట్టి, తిన్నాక ఒక్క మాట అడగాలని ఉంటుంది: సాక్ష్యం యాడుందప్పా?